ముందు ఎర్తు గుంత చూపించమ్మా

కరెంటు ఇప్పుడు మీకు గోడలోపల పోతాది, కంటికి కనపడదు. మా కాలంలో గోడమీదనే పోతాండె. టేకు పట్టీ కొట్టి, దానిమీద తీగ పరిచి, దగ్గర దగ్గరగా రేకు క్లిప్పు మడిచేది. హిందూపురంలో బెల్లం, చింతపండు యాపారం చేసే పెద్దోళ్ళ ఇండ్లలో చెక్క గాడిలో తీగ పెట్టి పైన చెక్క మూత బిగించిండ్రి. కేసింగు క్యాపింగు అంటారు దాన్ని. చూసేకి శానా అందం. చెదలకూ అంతే ఇష్టం.

బెంగుళూరు వీధుల్లో 1905లోనే కరెంటు దీపాలు వెలిగినాయంట. మన పల్లెలకు 1959లో కరెంటు బోర్డు పుట్టినాకనే నిదానంగా వచ్చె. వచ్చిన కొత్తలో ఏసిన తీగలే ఇప్పటికీ కొన్ని మిద్దెల్లో ఉండాయి, అదీ బాధ. లైసెన్సు ఉన్నోడే వైరింగు చెయ్యాలని 1956 రూల్సులో రాసిండ్రి. ఒగసారి చేసినాక మళ్ళా తిరిగి చూసేదెవురు?

నాకు పని నేర్పిన మేస్త్రీది పెనుకొండ. పాతిల్లు చూడమని పిలిస్తే ఆయన బోర్డు కాడికి పోడు. గడపలోనే నిలబడి ఇంటి పెద్దామెను అడుగుతాడు, "ముందు ఎర్తు గుంత చూపించమ్మా" అని. శానామందికి తెలీదు. "తులసికోట ఎనకాల ఉండాల నాయనా, మా మామ ఉన్నెప్పుడు తీపిచ్చినాడు" అనేది ఆ యమ్మ. పోయి చూస్తే దానిమీద బండలు పరిచి నీళ్ళతొట్టి కట్టింటారు.

మన సీమలో ఆ గుంతతోనే కష్టం. ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూఇటూ పడే వాన, పెనుకొండలో నాలుగు గడ్డపార పోట్లు ఏస్తే తగిలే బండ. ఎండిన నేల కరెంటును లోపలికి తీసుకోదు. అందుకే ఇనుప గొట్టం దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా ఏసి, పైన గరాటు పెట్టేది. ఎండాకాలమంతా దాంట్లో నీళ్ళు పొయ్యాల. తాగేకే బిందెలు పట్టుకోని తిరిగే ఊర్లో గుంతకెవురు పోస్తారు? అంట్లు తోమిన నీళ్ళు ఆ పక్కకు కాలవ తీపిచ్చేటోడు మేస్త్రీ.

ఎందుకంత పట్టు అంటారా, లెక్క చెప్తా వినండి. గ్రైండరు లోపల తీగ తెగి బాడీకి తగిలిందనుకో. గుంత బాగుంటే కరెంటు ఒక్కసారిగా భూమిలోకి దూకి ఫ్యూజు ఎగిరిపోతాది. గుంత ఎండి 50 ఓములు అడ్డం పడిందంటే, 230 ఓల్టులకు పోయేది నాలుగున్నర ఆంపియర్లే. 15 ఆంపియర్ల ఫ్యూజుకు అది చీమ కుట్టినట్టు కూడా ఉండదు. గ్రైండరు అట్లే కరెంటు పట్టుకోని కూచుంటాది. మనిషి గుండె ఆగేకి ఆంపియరులో వందో వంతులు చాలు. "ఏం కాదులే సామీ, జిల్లుమంటాది అంతే, చెప్పులేసుకోని ముట్టుకుంటాము" అని ఆడోళ్ళు నవ్వేటోళ్ళు. ఆ నవ్వు చూస్తే మేస్త్రీకి ఒళ్ళు మండేది.

బల్బు హోల్డరుకు రెండు తీగలు కట్టి ఒగటి ఫేజులో, ఇంగొకటి ఎర్తులో పెట్టి చూసేటోళ్ళు కొందరు. నిండుగా వెలిగితే ఎర్తు బాగుందని చెప్పి డబ్బులు తీసుకోని పోతారు. వంద వాట్ల బల్బు తాగేది అర ఆంపియరు కూడా ఉండదు గదా! గుంత ఉందని చెప్తాది గానీ గట్టిగా ఉందని చెప్పదు. కొళాయి గొట్టానికే ఎర్తు కట్టిన ఇండ్లు ఇంగా అన్యాయం. ఇనుప గొట్టం తీసి ప్లాస్టిక్కు గొట్టం ఏసిన రోజే ఎర్తు పాయె. ఎవురికీ తెలీదు.

ధర్మవరంలో ఒక గుంట మగ్గం ఇల్లు బాగా గుర్తు. నేసేటాయన కాళ్ళు గుంతలో పెట్టుకోని కూచుంటాడు, వానకాలం ఆ మన్ను చెమ్మగా ఉంటాది. పట్టుపోగు కనపడాలని బల్బు తలమీదికే దించుకున్యాడు. ఇత్తడి హోల్డరు. మేస్త్రీ స్విచ్చి ఆపి హోల్డరుకు టెస్టరు ఆనిస్తే లోపల ఎర్రగా వెలిగె. "ఆపినాక ఎట్లొస్తాది సామీ?" అన్యాడాయన. స్విచ్చి ఫేజు తీగలో ఉండాల, అది న్యూట్రలులో పెట్టిండ్రి. బల్బు ఆరుతాది, కరెంటు మాత్రం హోల్డరు దాకా వచ్చి నిలబడే ఉంటాది. పైన తీగను మేస్త్రీ వేలితో రవంత వంచినాడు. రబ్బరు పొడిపొడిగా మగ్గం మీద రాలె, రాగి బయటపడె. ఆ ఇంటామె ముందు ఆ పొడి పట్టుమీద పడకుండా కొంగు అడ్డం పెట్టింది!

పెరట్లోకి పోతే ఇంగొకటి. స్తంభం నుంచి వచ్చే సర్వీసు తీగకు ఊతంగా ఇనుప తీగ లాగింటారే, దండెం కొన దానికే ముడేసిండ్రి. సర్వీసు తీగ ఒరుసుకోని అరిగితే తడిబట్ట ఆరేసేటామె గతి ఏమి? మేస్త్రీ నోరెత్తకుండా బట్టలన్నీ దించి, దండెం విప్పి, రాతి గుంజకు కట్టినాడు.

ఇప్పుడు 30 మిల్లీ ఆంపియర్లు నేలలోకి కారితేనే కరెంటు కోసేసే డబ్బా వచ్చింది, ఆర్‌సీసీబీ. ఫ్యూజు చెయ్యలేని పని అది చేస్తాది, మంచిదే. పాతింట్లో పెడితే మాత్రం మాటిమాటికీ పడిపోతాది. హిందూపురంలో ఒకాయన "ఇది చెడిపోయింది, తీసేసి నేరుగా కలుపు" అని నామీదికొచ్చె. తీయనంటి. లైన్లు ఒక్కొక్కటే విప్పి, తీగ కారుతాందేమో చూసే మెగ్గరు తిప్పితే వంటింటి లైను దొరికె. మిద్దె కారి నానే గోడలో, పాత రబ్బరు తీగకు కొత్త ప్లాస్టిక్కు తీగ ముడేసి సున్నం పూసి మూసేసిండ్రి. గోడ పగలగొట్టేకి ఆయన ఒప్పుకోలే. లోపలనుంచి వాళ్ళమ్మ వచ్చి సుత్తి నా చేతికిచ్చె.