షికార్ గోష్త్, కచుంబర్, గోదావరి రెండు ఒడ్లు

ఎండాకాలంలో మా ఇంట్లో బొగ్గుల మీద గోష్త్ కాల్చిన రోజు, దస్తర్‌ఖాన్ మీద కచుంబర్ లేకపోతే దాదీ ముద్ద ముట్టేది కాదు. "జంగిల్ గోష్త్‌లో కొవ్వుండదు బేటా, పుల్లగా ఏదో తోడుండాలి" అనేది. ఆమె చెప్పేది దుప్పి మాంసం సంగతి. మేం తినేది మేక మాంసం. మేం పుట్టేసరికే ఆ షికార్ జమానా ఖతమైపోయింది.

ఆ తారీఖ్ చెప్పాలంటే గోదావరి దగ్గర మొదలుపెట్టాలి. 1860 ఒప్పందంతో నిజాం సర్కార్ ఎడమ ఒడ్డును అంగ్రేజులకు వదులుకుంది. భద్రాచలం మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో, 1874 నుంచి మద్రాసు వాళ్ళ గోదావరి జిల్లాలో ఉండిపోయింది. కుడి ఒడ్డున పాల్వంచ మాత్రం నిజాం రియాసత్‌లోనే. అదే అడవి, అవే దుప్పులు, హుకూమత్‌లు మాత్రం రెండు. అటు 1882 నాటి మద్రాసు అటవీ చట్టం, ఇటు నిజాం జంగ్లాత్ మహక్మా. భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లోనే.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి పులి షికార్ అంటే ప్రాణం. పత్తర్ కా గోష్త్ ఆయన షికార్ డేరాల్లోనే పుట్టిందని హైదరాబాద్‌లో చెప్పుకుంటారు. కహానీయే కావచ్చు. కానీ అడవిలో సీకులు లేనప్పుడు రాయి వేడిచేసి మాంసం కాల్చడం ఎవరికైనా తట్టే ఉపాయమే కదా!

మన ఖాందాన్లలో షికార్ కిస్సా చెప్పేవాళ్ళు బందూక్ ఎవరిదో తప్పకుండా చెప్తారు. డప్పులు కొట్టి జంతువును తరిమిన హాంకావాళ్ళు ఎవరో చెప్పరు. నిజాం జమానాలో దౌరా మీద వచ్చిన అధికార్లకు ఊళ్ళవాళ్ళు వెట్టి చేయాల్సిందే, షికార్ కూడా అందులో భాగమే. కోయవాళ్ళకి వేసవి వేట భూమి పండుగలో భాగం, విత్తనం వేసే ముందు చేసే ఆచారం. మనకది షౌక్. ఈ ఫరక్ దాదా కిస్సాల్లో నాకెప్పుడూ వినపడలేదు.

దీన్ మాత్రం షికార్‌కి హద్దులు పెట్టింది. బిస్మిల్లా అనే తూటా వదలాలి, జంతువు ప్రాణంతో దొరికితే జబహ్ చేయాలి. ఇహ్రామ్‌లో ఉన్నవాడికి అడవి జంతువుల షికారే హరామ్.

ఇక కచుంబర్. టమాటా, మిర్చి రెండూ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసుల జమానాలో వచ్చినవే, అంతకుముందు పులుపంతా నిమ్మది, పచ్చిమామిడిది. దాదీ కూడా టమాటా వేసేది కాదు. ఉల్లి, కీరా, పచ్చిమామిడి సన్నగా తరిగి, పుదీనా, కొత్తిమీర, పచ్చిమిర్చి కలిపేది. మాంసానికి పచ్చి బొప్పాయి ముద్ద, అల్లం వెల్లుల్లి, మిరియాలు పట్టించి రెండు గంటలు ఉంచి, నిప్పుల మీద కాల్చేది. వేడి ముక్కలను చీల్చి కచుంబర్‌లో వేస్తే ఆ రసం పులుపులో కలిసేది.

1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది, 1977లో కిన్నెరసాని అభయారణ్యం అయింది, 1991 సవరణతో షికార్ లైసెన్సులు కూడా పోయాయి. పోయినేడు పిల్లల్ని కిన్నెరసాని తీసుకెళ్తే కంచె అవతల దుప్పుల మంద కనిపించింది. "దాదా వీటినే తినేవాడా?" అని చిన్నోడు అడిగాడు. అవునన్నాను. ఇంటికొచ్చి ఆ సాయంత్రం మేక మాంసమే కాల్చాం, కచుంబర్‌లో ఉప్పు ఆఖర్న వేశాను. ముందే వేస్తే కీరా నీళ్ళు వదిలేస్తుంది.