పార్కు గేటు దాకే పోలీసు

1866 జూలై 23 సాయంత్రం లండన్‌లో హైడ్ పార్కు గేట్లు మూసేశారు. శ్రామికులకు ఓటు హక్కు కోరుతూ రిఫార్మ్ లీగ్ అక్కడ తలపెట్టిన సభను హోంమంత్రి స్పెన్సర్ వాల్‌పోల్ నిషేధించాడు. లీగ్ అధ్యక్షుడు ఎడ్మండ్ బీల్స్ మార్బుల్ ఆర్చ్ దగ్గరికి వచ్చి లోపలికి వెళ్లనివ్వమన్నాడు. పోలీసులు కుదరదన్నారు. ఆయన గొడవకు దిగకుండా కొందరిని వెంటబెట్టుకుని ట్రఫాల్గర్ స్క్వేర్ వైపు మళ్లాడు. మిగిలిన జనం మాత్రం కదల్లేదు. పార్కు చుట్టూ ఉన్న ఇనుప కటకటాలను పట్టుకుని ఊపారు. అవి ఊగి ఊగి వరసగా కూలాయి, జనం లోపలికి పోటెత్తారు. పోలీస్ కమిషనర్ రిచర్డ్ మేన్‌కు రాళ్లదెబ్బలు తగిలి నెత్తురు కారింది. చివరికి సైన్యాన్ని పిలవాల్సి వచ్చింది.

మరుసటి ఏడు మే నెలలో మళ్లీ నిషేధించారు, మళ్లీ సభ జరిగింది. ఈసారి ఎవరూ అడ్డుకోలేదు. వాల్‌పోల్ పదవి వదులుకున్నాడు.

కాగితం మీద ఆ నేల రాణిగారిది. తిరిగేది జనం. ఈ తగవుకు పార్లమెంటు 1872లో పార్కుల నియంత్రణ చట్టంతో ఒక దారి వెతికింది. సభలు, ప్రసంగాలు నిబంధనల ప్రకారం జరగాలంది. పార్కు కాపలాదారుకు కానిస్టేబుల్ అధికారాలన్నీ ఇచ్చింది, అదీ తన పార్కు హద్దుల్లోనే. ఈ గిరి గీయడమే ఆ చట్టంలోని మంచి ఆలోచన అని నా నమ్మకం. ఊరంతటి మీదా పెత్తనం లేనివాడికి చేతిలో ఉన్న ఆ కాస్త నేలే లోకం. దాని చెట్టూ పుట్టా, రోజూ వచ్చే ముసలాయన, ఆడుకునే పిల్లలు, అందరూ అతనికి తెలుస్తారు.

1967లో మరో చట్టం లండన్‌లోని బరో కౌన్సిళ్లకూ, అంటే స్థానిక పాలక మండళ్లకూ, ఈ వీలు కల్పించింది. కౌన్సిల్ ఉద్యోగి కానిస్టేబుల్‌గా ప్రమాణం చేసి, పార్కుల్లో బైలాలు, అంటే స్థానిక నిబంధనలు, అమలు చేయవచ్చు. లండన్‌లోని హాంప్‌స్టెడ్ హీత్ అనే బహిరంగ స్థలాన్ని కాసే కానిస్టేబుళ్లు ఆ కోవలోని వాళ్లే. 1989లో ఆ హీత్ సిటీ ఆఫ్ లండన్ కార్పొరేషన్ చేతికి వచ్చింది. సుమారు 800 ఎకరాల గడ్డి, అడవి, ఈత చెరువులు. అక్కడ మంట పెట్టకూడదు, సైకిల్ ఎక్కడపడితే అక్కడ తొక్కకూడదు. ఇలాంటి చిన్న మాటలు చెప్పడానికే మనిషి కావాలి. దొంగల వెంటపడే పోలీసుకు వీటికి తీరికెక్కడిది?

హైడ్ పార్కు లాంటి రాచ పార్కుల కాపలాదారులకు 1974లో రాయల్ పార్క్స్ కాన్‌స్టాబ్యులరీ అన్న పేరొచ్చింది. 2004లో ఆ బాధ్యత మెట్రోపాలిటన్ పోలీసుల చేతికి పోయింది. పెద్ద దళంలో కలిస్తే బలం పెరుగుతుందన్నారు. 2025లో డబ్బు చాలక ఆ పెద్ద దళం కోతలు మొదలెట్టింది. ఎత్తేస్తామని ప్రకటించిన వాటిలో రాచ పార్కుల బృందం కూడా ఉంది. గిరి చెరిపేశాక లోపలి నేలకు ప్రత్యేకించి జవాబుదారీ ఎవరూ ఉండరు. నాకు బాధ కలిగించేది అదే.