రాయలవారి మౌనం

తిరుమల గుళ్లో కృష్ణదేవరాయల విగ్రహాలున్న మంటపంలోనే వెంకటపతిరాయల రాగి విగ్రహమూ ఉంది. జనం కళ్లు కృష్ణరాయల దగ్గరే ఆగిపోతాయి. చంద్రగిరి కోటకు పోయినా అంతే, రాజమహలు గుర్తుంటుంది గానీ అక్కడినుంచి ఏలిన ఈయన గుర్తుండడు.

అన్న శ్రీరంగరాయలు సంతానం లేకుండా చనిపోతే, 1586 నాటికి విజయనగర గద్దె ఈయనకు దక్కింది. పెనుకొండ, చంద్రగిరి, వేలూరు అని రాజధాని మార్చుకుంటూనే రాజ్యాన్ని నిలబెట్టాడు. ఈయనకూ బిడ్డల్లేరు. ఇంకో అన్న రామరాయలకు ఇద్దరు కొడుకులు. శ్రీరంగపట్నంలో ఉన్న పెద్దవాడు తిరుమల 1610లో దాన్ని మైసూరు రాజ ఒడయరుకు వదులుకున్నాడు. రాయలు చిన్నవాడు శ్రీరంగణ్ణి వారసుడిగా ఎంచుకున్నాడు.

ఇక్కడే అంతఃపురం కథ. రాణి బాయమ్మ కడుపుతో ఉన్నానని నమ్మించి, ఒక బ్రాహ్మణ ఇంటి పసికందును తెప్పించి కన్నకొడుకని పెంచుకుంది. రాయలకు నిజం తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. ఆలి మీద మమకారం అనుకోవచ్చు. కానీ కన్నకొడుకు కాడని నలుగురిలో ఒక్క మాట అనివుంటే, రేపు వాణ్ణి ముందు పెట్టుకుని కత్తి దూసే ధైర్యం ఎవరికుండేది?

1614 అక్టోబరులో, మరణశయ్య మీద, ఉంగరం శ్రీరంగడికిచ్చి కన్నుమూశాడు. కొత్త రాజు కొందరు నాయకుల భూములు లాక్కుని శత్రువులను పెంచుకున్నాడు. అంతే చాలింది. బాయమ్మ తోబుట్టువు గొబ్బూరి జగ్గరాయడు మేనల్లుడి పేరు చెప్పి శ్రీరంగణ్ణి వేలూరు కోటలో బంధించాడు. చివరికి రాజు, భార్యాబిడ్డలు అందరూ కోటలోనే ప్రాణాలొదిలారు. పన్నెండేళ్ల రెండో కొడుకు రాముడొక్కడు మిగిలాడు. రాజు పక్షాన నిలిచిన వెలుగోటి యాచమనాయడి ఉపాయంతో ఒక చాకలి మైలబట్టల మూటలో పెట్టి వాణ్ణి బయటికి దాటించాడు. ఆ సంగతి 1616లో ఒక పోర్చుగీసు పాదిరీ రాసిన జాబులో ఉంది. చాకలి పేరు మాత్రం అందులో లేదు.

తర్వాత కావేరి ఒడ్డున తోపూరు యుద్ధం. తంజావూరు రఘునాథనాయకుడు తోడురాగా యాచముడు గెలిచాడు, జగ్గరాయడు చచ్చాడు. బాలుడు రామదేవరాయలయ్యాడు.

కొన్నేళ్లకు ఆ రామదేవరాయలే జగ్గరాయడి తమ్ముడు ఎతిరాజు కూతుర్ని పెళ్లాడాడు. రాజ్యం కోసం సంధి అన్నారు. తన తల్లిదండ్రుల్ని చంపించిన ఇంటి పిల్ల. యాచముడు ఆ వియ్యం ఒప్పుకోలేదు. మూటలో బతికి బయటపడిన రాజు, తనను బతికించిన యాచముడి మీదికే దండు పంపాడు.