సంఖ్య, తరగతి, విస్తీర్ణం: సర్వే రికార్డు వెలుగులో సి భాషా పాయింటరు

1. ఉపోద్ఘాతం

సి భాషలో పాయింటరు విలువను కాక, ఆ విలువ ఉన్న చోటు చిరునామాను నిలుపుకొనే చరరాశి. చోటు వేరు, చిరునామా వేరు అన్న భేదం కంప్యూటరుతో పుట్టినది కాదు. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు భూమి రికార్డుల చరిత్రలో దానికి దగ్గరి పోలిక ఉంది. ఆ పోలిక ఎంతవరకు నిలుస్తుందో, ఎక్కడ తెగుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. సర్వే రికార్డు స్వరూపం

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. 1807 వరకు దత్త మండలాల ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పొలాలను కొలిపించి సంఖ్యలు వేయించాడు. ఆ సంఖ్య పొలం కాదు, పొలాన్ని గుర్తించే ఆనవాలు. సంఖ్యతోపాటు మెట్ట, మాగాణి, తోట అన్న తరగతి, విస్తీర్ణం కూడా నమోదయ్యాయి. రైత్వారీ పద్ధతిలో బంజరు కావలసిన రైతు దర్ఖాస్తు పెట్టుకొనేవాడు. సాగు వద్దనుకుంటే రాజీనామా ఇచ్చేవాడు.

3. బి నుంచి సి వరకు

మార్టిన్ రిచర్డ్స్ 1967లో రూపొందించిన బి.సి.పి.ఎల్. భాషలోను, దాని నుంచి కెన్ థాంప్సన్ తీర్చిన బి భాషలోను దత్తాంశ రకాలు లేవు. చిరునామా అంటే మెమరీలోని పదానికి వరుస సంఖ్య మాత్రమే. పి.డి.పి.-11 యంత్రంలో ప్రతి బైటుకూ చిరునామా ఉంది, ఒక పదం రెండు బైట్లు ఆక్రమిస్తుంది. కనుక చిరునామాకు ఒకటి కలిపితే తర్వాతి పదం రాదు. అక్షరాన్నీ పూర్ణాంకాన్నీ వేరుగా గుర్తించవలసి వచ్చింది. బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ 1971–73 మధ్య రకాలను చేర్చి సి భాషను రూపొందించడానికి ఇదొక ముఖ్య కారణం. సర్వే పరిభాషలో చెప్పాలంటే, సంఖ్యకు తరగతి తోడైంది.

మెమరీ కేటాయింపులో మాలాక్ దర్ఖాస్తు వంటిది, ఫ్రీ రాజీనామా వంటిది. ఫ్రీ చేసిన తర్వాత పాత పాయింటరును వాడటం రాజీనామా ఇచ్చిన పొలాన్ని దున్నడమే. ఫ్రీ చేయకపోతే ఆ చోటు బీడుగా మిగిలి మరెవరికీ దక్కదు.

4. లోపించిన విస్తీర్ణం

పోలిక తెగేది ఇక్కడే. పాయింటరు రకాన్ని బట్టి ఒక్కొక్క అంశం పరిమాణం తెలుస్తుంది. అంశాలు ఎన్నో తెలియదు. హద్దు దాటినా సి భాష ఆపదు. 1988 నవంబరులో మోరిస్ వర్మ్ వ్యాపించిన మార్గాలలో ఒకటి ఈ లోపమే: ఫింగర్ సేవా ప్రోగ్రాము గెట్స్ ఫంక్షనుతో 512 బైట్ల చోటులోకి అంతకు మించిన సమాచారాన్ని చదువుకొంది. గెట్స్‌ను 2011 ప్రమాణంలో తొలగించారు.

5. ముగింపు

సర్వే రికార్డులోని మూడు అంశాలలో సి పాయింటరుకు దక్కినవి రెండే. మూడవదైన విస్తీర్ణాన్ని గుర్తుంచుకొనే బాధ్యత ప్రోగ్రామరుదే. పాయింటరును చిరునామాగా మాత్రమే నిర్వచించే బోధన ఈ బాధ్యతను మరుగుపరుస్తుంది.