వెనుక ఇరుసు రొద: దాని పూర్వకథ

వేగం కోసమే తయారయిన మోటారుకారులో మనం ప్రయాణం చేస్తున్నామనుకొందాం. బాట నున్నగా ఉన్నది, ఇంజను నిబ్బరంగా పలుకుతున్నది. ఇంతలో గంటకు 60 కిలోమీటర్ల వేగం దాటేసరికి వెనుక సీటు క్రింది నుండి ఈల వంటి సన్నని నాదం ఒకటి బయలుదేరుతుంది. ఆక్సిలరేటరు మీది కాలు తీస్తే అది అణగిపోతుంది. మళ్ళీ అదిమితే మళ్ళీ మొదలు. మెకానిక్కు ఒకసారి విని "డిఫరెన్షియల్ పోయిందండీ" అని తీర్పు చెబుతాడు. ఖర్చు పెద్దది. తీర్పు మాత్రం చాలా సందర్భాలలో పొరపాటు. కారు తిన్నగా పోతున్నంతసేపు డిఫరెన్షియల్ అనే భాగం తన పళ్ళను ఒకదానిపై ఒకటి కదపనే కదపదు. కదలని పళ్ళు ఈల ఎట్లా వేస్తవి?

ఈ చిక్కు విడిపోవాలంటే కొంచెం చరిత్ర తెలిసి ఉండాలి. వెనుక ఇరుసు నడుమ ఉబ్బెత్తుగా కనిపించే ఆ ఇనుప గుండులో, వేరు వేరు కాలాలలో వేరు వేరు అవసరాలకై పుట్టిన యంత్రాలు ఒకే కప్పు క్రింద కాపురం ఉంటున్నవి. ఇంటికంతటికీ ఒక్కరి పేరే పెట్టటం వలన తక్కినవారి అల్లరి కూడా ఆ ఒక్కరి మీదనే పడుతున్నది.

వారిలో పెద్ద డిఫరెన్షియలే. మన ఎడ్లబండికి దానితో అవసరం కలుగలేదు. బండి ఇరుసు తిరగదు. చక్రాలే దేనికది ఇరుసు మీద తిరుగుతవి. లాగే ఎద్దులు ముందున్నవి కనుక చక్రాలను త్రిప్పవలసిన పని లేదు. ఇరుసునే త్రిప్పి చక్రాలను నడపదలచినప్పుడు చిక్కు వచ్చింది. రెండు చక్రాల నడుమ దూరం ఒకటిన్నర మీటరయితే, ఒక పూర్తి వలయం తిరిగేసరికి బయటి చక్రం లోపలి చక్రం కంటె సుమారు 9.4 మీటర్లు ఎక్కువ నడవాలి. వలయం చిన్నదయినా పెద్దదయినా ఈ తేడా మారదు. రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగిస్తే ఏదో ఒకటి నేలను రాచుకుంటూ ఈడ్చుకొనిపోక తప్పదు.

రెండు వేగాలలోని తేడాను పళ్ళచక్రాలతో పట్టుకొనే ఉపాయం గడియారాల పనివారికి ముందే తెలుసు. 1720 ప్రాంతంలో ఇంగ్లండులో జోసెఫ్ విలియమ్‌సన్ అనే ఆయన గడియారంలో దానిని వాడినాడు. ప్రాచీన చీనాలోని దక్షిణ దిశను చూపే రథంలోనూ ఇదే ఉండి ఉంటుందని కొందరు పండితుల ఊహ. ఆ రథాలేవీ మిగలలేదు కనుక దానిని ఊహగానే ఉంచుదాం. బండి ఇరుసుకు ఈ ఉపాయాన్ని తెచ్చి 1827లో పేటెంటు పొందినవాడు పారిస్‌లోని ఒనేసిఫోర్ పెక్యూర్. ఆయనా గడియారాల పనివాడే. తలపెట్టింది ఆవిరి బండి. 1877లో కొవెంట్రీ నగరవాసి జేమ్స్ స్టార్లీ మూడు చక్రాల సైకిలుకు దానిని అమర్చినాడు. తండ్రీ కొడుకులు ప్రక్క ప్రక్కన కూర్చొని తొక్కుతుంటే కొడుకు బలం ఎక్కువయి బండి దురదగొండి పొదలలోకి పోయిందనీ, ఆ మంటలోనే ఆలోచన పుట్టిందనీ ఒక కథ ప్రచారంలో ఉన్నది.

మన వర్క్‌షాపుల భాషలో చెప్పాలంటే, ఇది రెండు సన్ గేర్లు, వాటి నడుమ స్టార్ పినియన్లు. కారు తిన్నగా పోయేటప్పుడు ఇవన్నీ కలిసి ఒకే ముద్దగా తిరుగుతవి. మలుపులోనే స్టార్ పినియన్లు తమ చుట్టూ తాము తిరుగుతవి. కనుక మలుపులో మాత్రమే వినిపించి, తిన్నని బాటలో మాయమయ్యే రొద అయితేనే డిఫరెన్షియల్‌ను అనుమానించాలి.

మరి తిన్నని బాటలోని ఆ ఈల ఎవరిది? క్రౌన్ వీలు, పినియన్ అనే జంటది. వీరు తరువాత వచ్చినవారు. తొలి కార్లలో చాలా వాటిని గొలుసులు నడిపేవి. 1898లో లూయీ రెనో తన చిన్న కారులో గొలుసు మానివేసి, ఒక షాఫ్టు ద్వారా శక్తిని వెనుక ఇరుసుకు పంపినాడు. పొడవునా వచ్చే ఆ తిరుగుడును అడ్డంగా మళ్ళించటానికి ఏటవాలు పళ్ళచక్రాలు కావలసి వచ్చినవి. ఆ పళ్ళు అప్పట్లో తిన్నగా కోసినవి. ప్రతి పన్నూ ఎదుటి పన్నును పొడవునా ఒక్కసారిగా ఠప్పున తాకేది. నిమిషానికి వేలసార్లు ఆ తాకిడి కలిస్తే ఊళ వంటి మోత.

దానిని మాన్పింది అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రపు రోచెస్టర్ నగరంలోని గ్లీసన్ కర్మాగారం. విలియం గ్లీసన్ 1874లోనే ఏటవాలు పళ్ళను కోసే యంత్రాన్ని నిర్మించినాడు. ఆయన కుమార్తె కేట్ గ్లీసన్ చిన్ననాటనే కార్ఖానాలో అడుగుపెట్టి, ఆ యంత్రాలను ఐరోపా దాకా వెళ్ళి అమ్మింది. 1914లో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘంలో పూర్తి సభ్యత్వం పొందిన మొదటి మహిళ అయింది. 1913లో ఈ కర్మాగారం వంపు తిరిగిన పళ్ళను కోసే యంత్రాన్ని తెచ్చింది. వంపు పన్ను ఎదుటి పన్నును ఒక్కసారిగా తాకదు. ఒక కొన నుండి మెల్లగా ఒరసుకుంటూ పోతుంది. ముందు పన్ను విడవక మునుపే తరువాతది అందుకుంటుంది. మోత అణగింది.

1920ల రెండవ భాగంలో హైపాయిడ్ పళ్ళు వచ్చినవి. పాకార్డ్ కార్లు వీటిని మొదట వాడినవి. ఇందులో పినియన్, క్రౌన్ వీలు కేంద్రానికి దిగువగా కూర్చుంటుంది. షాఫ్టు క్రిందికి దిగింది. కారు నేల పల్లమయింది. రొద ఇంకా తగ్గింది. కాని ఈ నిశ్శబ్దానికి ఒక వెల ఉన్నది. హైపాయిడ్ పళ్ళు గట్టిగా ఒత్తుకొంటూనే పొడవునా జారుతవి. మామూలు నూనె పొర ఆ ఒత్తిడికి తెగిపోతుంది. అందుకే గంధకపు వాసన వేసే ప్రత్యేకమయిన నూనె దీనికి తప్పనిసరి. నూనె తగ్గినా, తగని నూనె పోసినా పళ్ళ ముఖాలు గీరుకుపోతవి. అట్లా మొదలయిన ఈల మంచి నూనె పోసినంత మాత్రాన మానదు.

ప్రతి పంటికీ రెండు ముఖాలు. కారును లాగేటప్పుడు ఒక ముఖం, కాలు తీసినప్పుడు రెండవది పని చేస్తుంది. లాగుడులో మాత్రమే ఈల వినిపిస్తే మొదటి ముఖంలోను, కాలు తీసినప్పుడు వినిపిస్తే రెండవ ముఖంలోను పళ్ళు సరిగా కూడటం లేదన్నమాట. నిర్ధారించుకొనేందుకు పళ్ళకు రంగు ముద్ద పూసి త్రిప్పి చూస్తారు. రంగు చెదిరిన చోటు పంటి నడుమ ఉండాలి. కొనలకు జరిగి ఉంటే పలుచని షిమ్ములతో పినియన్‌నో క్రౌన్ వీలునో సర్దాలి. రెంటి నడుమ ఉండవలసిన ప్లే చాలా స్వల్పం. ఇంకొక మాట: ఈ రెండూ కర్మాగారంలో ఒకదానితో ఒకటి నూరబడి జంటగా వచ్చినవి. ఒకటి పాతది, ఒకటి కొత్తది వేసి ఖర్చు తగ్గించబోతే కొత్త ఈల కొనుక్కొన్నట్టే.

అణగని గరగర ధ్వని అయితే బేరింగులది. పినియన్ మూడు నాలుగు చుట్లు తిరిగేసరికి చక్రం ఒక్క చుట్టే తిరుగుతుంది గనుక, పినియన్ బేరింగు శ్రుతి ఎక్కువ, చక్రపు బేరింగు శ్రుతి తక్కువ. కారును నెమ్మదిగా కుడికీ ఎడమకూ ఊపినప్పుడు మోత మారితే చక్రపు బేరింగును ముందు చూడాలి. దానిని ఉపేక్షించటం ప్రమాదం. బాట మారినప్పుడు రొద కూడా మారితే అది టైర్లదే. మా నిలయంలో ప్రసారంలో గుంయిమనే శబ్దం వచ్చినప్పుడు ఇంజనీర్లు ఒక్కొక్క తీగనే విడదీసి వింటారు. అన్నీ ఒకేసారి విప్పరు. టైర్ల మోతకు ఇరుసంతా విప్పించి, తిరిగి బిగించిన తరువాత నిజంగానే ఈల తెచ్చుకొన్న మిత్రుడొకడు నాకున్నాడు.

వేగపు కార్లలో మూడవ కాపురం ఒకటి ఉన్నది. డిఫరెన్షియల్‌కు పుట్టుకతో వచ్చిన లోపం, పట్టు లేని చక్రానికే తిరుగుడంతా పోవటం. ఫెర్డినాండ్ పోర్షే రూపొందించిన ఆటో యూనియన్ పందెపు కారులో డ్రైవరు వెనుక 16 సిలిండర్ల ఇంజను. గంటకు 160 కిలోమీటర్ల వేగం వరకు కూడా ఒక వెనుక చక్రం ఊరక గిర్రున తిరిగేదట. 1935లో ఆయన కోరగా జర్మనీలోని జడ్.ఎఫ్. సంస్థ ఆ జారుడుకు హద్దు పెట్టే డిఫరెన్షియల్‌ను తయారుచేసింది. 1956లో పాకార్డ్, మరుసటి ఏడు షెవ్రొలే ఇటువంటి దానిని మామూలు కొనుగోలుదారులకు అందించినవి. ఈ అమెరికా రకాలలో సన్ గేర్ల వెనుక క్లచ్చి బిళ్ళలు ఉంటవి.

నలభై ఏళ్ళ శ్రమతో అణచిన రొద ఈ బిళ్ళలతో మరొక దారిన తిరిగివచ్చింది. నెమ్మదిగా ఇరుకు మలుపు తిరిగేటప్పుడు వెనుక నుండి గడగడమని వణుకు. బిళ్ళలు ఒక క్షణం అతుక్కొని, మరు క్షణం జారి, మళ్ళీ అతుక్కోవటమే దీనికి కారణం. ఇది విని క్రౌన్, పినియన్‌లను మార్చినవారున్నారు. పాపం, వాటికి ఈ వణుకుతో సంబంధమే లేదు. పాత నూనె తీసి, కొత్త నూనెతో పాటు బిళ్ళల రాపిడిని మెత్తబరచే ద్రావకాన్ని తయారీదారు చెప్పిన మోతాదులో పోసి, ఖాళీ మైదానంలో ఎనిమిది అంకె ఆకారంలో పది పన్నెండుసార్లు నెమ్మదిగా తిప్పితే తరచు అదే సర్దుకొంటుంది. సర్దుకోకపోతే అప్పుడు బిళ్ళలు మార్చాలి.

విద్యుత్ కార్లు వచ్చిన తరువాత ఇంజను చప్పుడు పోయింది. వాటిలోనూ చాలా వాటికి పళ్ళచక్రాలూ ఉన్నవి, డిఫరెన్షియలూ ఉన్నది. ఇంతకాలం ఇంజను మోత చాటున దాగిన సన్నని ఈల ఇప్పుడు లోపల కూర్చున్నవారికి స్పష్టంగా వినవస్తున్నది. పళ్ళను ఇంకా నున్నగా కోయటానికి ఇంజనీర్లు మళ్ళీ ఆ పాత పనికే కూర్చున్నారు.