గుండె బొమ్మకు ఎంత ఎక్స్‌రే చాలు?

అబిడ్స్ మీదుగా నుమాయిష్‌కు వెళ్లేవాళ్లకు నాంపల్లి ఎగ్జిబిషన్ రోడ్డులోని కేర్ ఆస్పత్రి కొత్తేమీ కాదు. 1997లో కేర్‌ను మొదలుపెట్టినవారిలో ముఖ్యులు డాక్టర్ బి. సోమరాజు. అబ్దుల్ కలాంతో కలిసి ఆయన 1990లలో తెచ్చిన చౌక స్టెంట్, కలాం–రాజు స్టెంట్, మనవాళ్లందరికీ తెలుసు. అయితే ఆ సన్నని ఉక్కు జాలీ ఎక్స్‌రే తెర మీద లీలగా మాత్రమే కనిపిస్తుంది. సరిగ్గా చూడాలంటే ఎక్స్‌రే పెంచాలి, పెంచితే రోగి ఒంటికి నష్టం. ఈ పేచీ తీర్చడానికి పట్టిన కాలం చాలా పెద్దది.

తొలినాళ్లలో తెర ఎంత మసకగా ఉండేదంటే, డాక్టర్లు ఎర్ర కళ్లద్దాలు పెట్టుకుని కళ్లను చీకటికి అలవాటు చేసుకున్నాకే పరీక్షకు దిగేవారు. 1948లో వెస్టింగ్‌హౌస్ కంపెనీలో జాన్ కోల్ట్‌మన్ ఇమేజ్ ఇంటెన్సిఫయర్ తయారుచేశాడు. అది ఆ మసక వెలుగును ఎన్నో రెట్లు పెంచింది. దాన్ని నమ్ముకునే 1958 అక్టోబరులో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మేసన్ సోన్స్, బల్ల కింద తవ్వించిన గోతిలో కూర్చుని తెర చూస్తున్నాడు. ఉన్నట్టుండి కాథెటర్ అనే సన్నని గొట్టం జారి రోగి గుండెకు రక్తమిచ్చే కుడి కరోనరీ ధమనిలోకి దూరింది, ఎక్స్‌రేలో కనబడే మందు అందులోకే పోయింది. సోన్స్ గోతిలోంచి బయటికి ఎగబాకాడు. గుండె ఆగింది, దగ్గమంటే రోగి దగ్గాడు, గుండె మళ్లీ కొట్టుకుంది. నేటి యాంజియోగ్రామ్ పుట్టింది ఆ పొరపాటులోనే.

వెలుగు పెంచినంత మాత్రాన బొమ్మ బాగుపడదు. ఎండిన డాబా మీద తొలి చినుకులు ఎక్కడో ఒకటి పడి మచ్చలు మచ్చలుగా ఉంటాయి, వాన పెరిగాకే నేలంతా ఒకేలా తడుస్తుంది. ఎక్స్‌రే కణాలూ అంతే, తక్కువైతే బొమ్మ నిండా నూకల్లాంటి మచ్చలే. ఆ నూకలను సగానికి తగ్గించాలంటే డోసు నాలుగు రెట్లు కావాలి. పైగా ఒంటి మందం మూడు నాలుగు సెంటీమీటర్లు పెరిగినా యంత్రం తనంతట తానే డోసు దాదాపు రెట్టింపు చేసేస్తుంది.

పూడిన ధమనిని బెలూన్‌తో తెరిచే యాంజియోప్లాస్టీలు పెరిగి, ఒక్కో కేసు గంటల తరబడి సాగడంతో కొందరు రోగుల వీపు చర్మం కాలి పుండ్లు పడింది. 1994లో అమెరికా ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక జారీచేసింది. అప్పటినుంచి ఉపాయాలకు ఊపు వచ్చింది. ఎక్స్‌రేను ఏకధారగా కాక విడివిడి మెరుపులుగా, సెకనుకు 30కి బదులు 15 లేదా 7.5 చొప్పున వదిలారు. మిల్లీమీటరులోపు రాగిరేకు అడ్డంపెట్టి, బొమ్మకు పనికిరాకుండా చర్మాన్ని కాల్చే బలహీన కిరణాలను ఏరేశారు. ఎక్స్‌రేను నడిపే కాలి పెడల్ వదిలాక ఆఖరి బొమ్మ తెరపైనే నిలిచేలా చేశారు. స్టెంట్ విషయంలో ఉపాయం మరీ చక్కనిది: బెలూన్ మీది రెండు గుర్తులను ఆనవాలుగా పట్టుకుని, వరస ఫ్రేములను ఒకదానిపై ఒకటి పేర్చి, కదిలే గుండెలో కదలని స్టెంట్‌ను కంప్యూటర్ చూపిస్తుంది.

2000 తర్వాత ఇమేజ్ ఇంటెన్సిఫయర్ స్థానంలో ఫ్లాట్ ప్యానెల్ డిటెక్టర్లు వచ్చాయి. వాటితో డోసు దానంతటదే తగ్గిపోతుందనుకున్నవాళ్లు నిరాశపడ్డారు, బహుశా యంత్రం మీద అతి నమ్మకం వల్ల. అసలు తేడా తెచ్చింది, కాస్త నూకలున్నా పని జరుగుతుందని ఒప్పుకున్న డాక్టర్ల కన్ను. సినీ రికార్డింగులో ఒక్కో ఫ్రేముకు డోసు మామూలు ఫ్లోరో (రికార్డు చేయకుండా తెరపై చూడటం) కంటే సుమారు పది రెట్లు. దాన్ని ఎప్పుడు నొక్కాలో డాక్టరు పాదమే తేల్చాలి. రోగికి తగ్గిన డోసు, లెడ్ ఆప్రాన్ వేసుకుని పక్కన నిలబడే సిబ్బందికీ తగ్గుతుంది, ఎందుకంటే వాళ్ల మీద పడేది రోగి ఒంటినుంచి చెదిరి వచ్చే ఎక్స్‌రేనే.

నేటి క్యాథ్ ల్యాబ్ (యాంజియో చేసే గది) యంత్రం ప్రతి రోగికీ ఇచ్చిన డోసును మిల్లీగ్రేలలో నమోదుచేస్తుంది. యాంజియో అయ్యాక ఆ అంకెను డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి. 5,000 మిల్లీగ్రేలు దాటితే కొన్ని వారాలపాటు వీపు చర్మాన్ని గమనించాలి. యాంజియో దృశ్యాలున్న సీడీని మాత్రం పారేయకండి. ఇంకో డాక్టరు సలహాకు వెళ్లినప్పుడు అది చేతిలో ఉంటే, చాలాసార్లు మళ్లీ యాంజియో చేయించుకునే పనే ఉండదు.