సింగూరు వితంతువులు చెప్పని నలత

కరువుల చరిత్ర రాసేవాళ్లు చచ్చినవాళ్లను లెక్కపెడతారు. బతికి బయటపడినవాళ్లు తమ ఒంటి గురించి ఏమన్నారన్నది కూడా చరిత్రకు ఆధారమేనని నేనంటాను. అయితే ఆ మాటను ఉన్నదున్నట్టు తీసుకుంటే మోసపోతాం.

1943 బెంగాల్ కరువు సుమారు 30 లక్షల మందిని పొట్టన పెట్టుకుంది. మరుసటి ఏడు, 1944లో, కలకత్తాలోని అఖిల భారత పరిశుభ్రత, ప్రజారోగ్య సంస్థ సింగూరు ప్రాంతంలో ఆరోగ్య సర్వే జరిపింది. 2006 భూపోరాటంతో మనకు తెలిసిన సింగూరే అది. భార్య పోయిన మగవాళ్లలో 48.5 శాతం తమకు జబ్బుగా ఉందనో, ఆరోగ్యం అంతంతమాత్రమనో చెప్పారు. వితంతువుల్లో అలా చెప్పినవాళ్లు 2.5 శాతమే. 'అంతంతమాత్రం' అన్నదాన్ని విడదీస్తే మగవాళ్లు 45.6 శాతం, ఆడవాళ్లు సున్నా. ఈ అంకెల్ని 1980లలో చర్చకు తెచ్చినవాడు అమర్త్య సేన్.

ఇది వయసు తేడా అని ఎవరైనా అనవచ్చు. నడివయసువాడికి చిన్నపిల్లను కట్టబెట్టిన సమాజంలో వితంతువుల్లో పడుచువాళ్లూ ఉంటారు. 1856 చట్టం పునర్వివాహాన్ని ఒప్పుకున్నా ఆచారం ఒప్పుకోలేదు. మగవాడికి ఆ అడ్డు లేదు. వాదన న్యాయమైనదే. కాని అంకెల్ని మళ్లీ చూడండి. జబ్బుగా ఉందన్న మగవాళ్లు 2.9 శాతం, ఆడవాళ్లు 2.5 శాతం. అక్కడ దాదాపు సమానమే. తేడా అంతా 'అంతంతమాత్రం' దగ్గరే ఉంది. వయసు తేడా అంకెను తగ్గించగలదు గాని సున్నా చెయ్యలేదు.

మంచాన పడితే జబ్బు ఎవరికైనా కనబడుతుంది. నలత అలా కాదు, నోరు తెరిచి చెబితేనే తెలుస్తుంది. చెప్పాలంటే తన ఒంటి సుఖానికి ఇంట్లో విలువుందన్న నమ్మకం ఉండాలి. వితంతువుకు సమాజం నిరాకరించింది ఆ నమ్మకాన్నే.

ఇప్పటి సర్వేలు ఇంకో కథ చెబుతున్నాయి. 2017-18లో 45 ఏళ్లు దాటినవారిపై దేశమంతటా జరిగిన అధ్యయనంలో తమ ఆరోగ్యం బాగాలేదన్నవాళ్లు ఆడవాళ్లలోనే ఎక్కువ. వయసు పెరిగేకొద్దీ ఆ మాట పెరిగింది. ఆడవాళ్ల ఆయుర్దాయమేమో మగవాళ్లకంటే ఎక్కువ. 1944 కంటే నేటి స్త్రీ శరీరం చెడిందని దీని అర్థం కాదు. అప్పుడు పైకి రాని మాట ఇప్పుడు వస్తోందని నా అభిప్రాయం. ఎక్కువకాలం బతికే కేరళ ప్రజలు జబ్బుల గురించి ఎక్కువగా చెప్పుకుంటారని, బీహారులో అందుకు విరుద్ధంగా ఉందని 2002లో సేన్ మళ్లీ గుర్తుచేశాడు.

అందుకని స్వయంగా చెప్పుకునే మాటను కొట్టిపారెయ్యలేం. కెనడాలోని మానిటోబాలో వృద్ధులపై చేసి 1982లో ప్రకటించిన పరిశోధనలో, తమ ఆరోగ్యం బాగాలేదన్నవాళ్లే ఎక్కువగా చనిపోయారు. వైద్యుల లెక్కలు కలుపుకొని చూసినా ఆ తేడా నిలిచింది. చెప్పగలిగినవాళ్ల మాటలో నిజముంది. చెప్పలేనివాళ్ల మౌనాన్ని ఆరోగ్యమనుకోవడమే తప్పు.

ఫిర్యాదుల లెక్కను బట్టి ఆసుపత్రులూ మందులూ పంచే ప్రభుత్వానికి సింగూరు వితంతువు ఏమీ అక్కరలేని మనిషి. ఆ సున్నాను ఆరోగ్యం కింద జమకట్టనివ్వకుండా చూడటం చరిత్ర రాసేవాళ్ల పని.